మూడేళ్లు వాడాక చెబుతున్నా: పాకెట్ ఆంప్‌కి గట్టి అడాప్టర్ పెట్టకండి

లావు పిన్నును సన్న సాకెట్‌లో దూర్చడానికి ఒక అడాప్టర్ దొరుకుతుంది. చిటికెన వేలంత ఇత్తడి ముక్క, మధ్యలో వైరు ఉండదు. ఆ ముక్క మీద నాకు చాలా కోపం. దాని వల్ల రెండు వర్షాకాలాలు నేను సరిగా పాట వినలేదు. నిక్షేపంలాంటి ఆంప్‌ని, అంటే హెడ్‌ఫోన్‌కి బలం ఇచ్చే చిన్న యాంప్లిఫయర్‌ని, చెడిపోయిందనుకుని సర్వీసుకి పంపించాను. కొత్తగా కొనేవాళ్లకి ఆ తిప్పలు రాకూడదని ఇది రాస్తున్నాను.

ఆంప్ గురించి పెద్దగా చెప్పను. ఫోన్ నుంచి యూఎస్‌బీలో పాట తీసుకుంటుంది, లోపల బ్యాటరీ ఉంది, జేబులో పడుతుంది. ఈ సమీక్ష దానికి అటూ ఇటూ తగిలించే వైర్ల గురించే. నా హెడ్‌ఫోన్ 300 ఓంలది, దాన్ని సరిగా పాడించాలంటే ఆంప్ కావాలి. హైదరాబాద్‌లో ఉండే మా బాబాయిగారబ్బాయి కొన్నాళ్లు వాడి నాకిచ్చాడు. కొసన 6.35 మిల్లీమీటర్ల లావు పిన్ను. ఆంప్‌కి ఉన్నది 3.5 సాకెట్. మధ్యలో అడాప్టర్ తప్పదు.

నేను వినేది ఇంట్లో కాదు, సఖినేటిపల్లి వైపు మా రొయ్యల చెరువుల గట్టు మీద, పాకలో. రాత్రయితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ వస్తుంది, తెల్లవారుజామున మరీ పడిపోతుంది. ఏరేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే నిమిషాల్లో జనరేటర్ వేయాలి. అందుకని ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి, మా ఇంట్లో అది నేనే. హెడ్‌ఫోన్ వెనక తెరిచి ఉండే రకం కావడం ఇక్కడ నాకు వరం. ఏరేటర్ చప్పుడు సన్నగా లోపలికి వస్తూనే ఉంటుంది, ఆగిన క్షణం తెలిసిపోతుంది. ఆ చప్పుడు వెనకాల ఉండగానే తంబురా మీదుగా గొంతు లేస్తుంటే రాత్రి ఎంతసేపైనా గడిచిపోతుంది. ఎక్కువగా వినేది మా కోనసీమలోనే శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ గారిని.

మొదటి ఏడు అంతా బాగానే ఉంది. రెండో ఏడు జూలైలో ఒక రాత్రి ఆలాపన మధ్యలో ఎడమ చెవి పోయింది. పిన్ను కాస్త తిప్పితే వచ్చింది. మర్నాడు మళ్లీ పోయింది. వారం తిరిగేసరికి ఇంకో వింత మొదలైంది. రెండు చెవుల్లోనూ శబ్దం ఉంటుంది, గొంతు మాత్రం ఉండదు. వయోలిన్, మృదంగం బావిలోంచి వచ్చినట్టు డొల్లగా వినబడేవి. పాత మోనో రికార్డింగ్ పెడితే దాదాపు ఏమీ వినబడేది కాదు. ఇది ఆంప్ లోపల బోర్డు పోవడమేనని నిర్ణయించేసుకున్నాను. వారంటీ దాటిపోయింది. టెన్షన్‌తో ఆ రాత్రంతా ఏమీ వినలేదు.

నరసాపురం వెళ్లి ఒక సిటీలో సర్వీసు చేసేవాళ్లకి కొరియర్ పంపాను. వాళ్లు ఫోన్ చేసి "సార్, అవుట్‌పుట్ సెక్షన్ చూడాలి, బోర్డు మార్చాల్సి రావచ్చు" అన్నారు. ఇరవై నాలుగు రోజులకి తిరిగొచ్చింది. శుభ్రం చేశాం, మా దగ్గర బాగానే పాడుతోంది అని చీటీ రాసి, 900 రూపాయలు తీసుకున్నారు. వాళ్ల దగ్గర నిజంగానే బాగా పాడి ఉంటుంది, ఎందుకంటే వాళ్లు పెట్టి చూసింది 3.5 పిన్నున్న ఇయర్‌ఫోన్. నా హెడ్‌ఫోన్ గానీ, అడాప్టర్ గానీ పంపమని వాళ్లూ అడగలేదు, పంపాలని నాకూ తోచలేదు. పాకకి తెచ్చిన మూడో రాత్రి మళ్లీ ఎడమ చెవి పోయింది.

అప్పుడు మా మేనల్లుడు వచ్చాడు, పాలిటెక్నిక్ చదువుతున్నాడు. తన ఇయర్‌ఫోన్ తీసి ఆంప్‌కి పెట్టి, పిన్నును అటూ ఇటూ కదిపి అరగంట విన్నాడు. "మావయ్యా, నీ బాక్సుకి ఏమీ అవలేదు. ఈ ముక్క చూడు" అని అడాప్టర్ చేతిలో పెట్టాడు. టార్చి వేసి లోపలికి చూస్తే, పాత ఇత్తడి బిందె అడుగున పట్టినట్టు పచ్చగా చిలుము. పై పూత అరిగిపోయిన చోటల్లా సముద్రపు గాలి దాని పని అది చేసేసింది.

వాడు చెప్పాక మొత్తం అర్థమైంది. స్టీరియో పిన్నులో కొస ఎడమ చెవిది, నడుమ ఉన్న కట్టు కుడి చెవిది, మొదలు రెండింటికీ ఉమ్మడిగా ఉండే గ్రౌండు. కొసకి తగిలే రేకు చిలుము పడితే ఎడమ చెవి పోతుంది. గ్రౌండు వదిలేస్తే ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే వినబడుతుంది. గొంతుని రెండు వైపులా సమానంగా రికార్డు చేస్తారు కాబట్టి ముందు మాయమయ్యేది గొంతే. మీకు ఎప్పుడైనా పాటలో పాడేవాళ్లు మాయమైపోతే ఆంప్‌ని అనుమానించే ముందు గ్రౌండు చూసుకోండి.

చిలుము ఒక్కటే అయితే తుడిచి వాడుకుందును. అసలు నష్టం బరువు వల్ల జరిగింది. అడాప్టర్, దాని వెనక లావు పిన్ను, దాని వెనక మూడు మీటర్ల వైరు, ఇవన్నీ కలిసి గడ్డపారలా ఆ చిన్న సాకెట్‌ని కిందకి వంచుతూనే ఉంటాయి. మంచం మీద ఆంప్ పెట్టి నేను అటు తిరిగినప్పుడల్లా ఇంకో కుదుపు. రెండేళ్లకి సాకెట్ వదులైపోయింది, ఇప్పటికీ వదులే.

తర్వాత తెప్పించుకున్నది 15 సెంటీమీటర్ల మెత్తటి వైరున్న అడాప్టర్. ఒక కొసన లావు సాకెట్, రెండో కొసన 3.5 పిన్ను, ఎల్ ఆకారంలో వంగి ఉంటుంది. 450 రూపాయలు. బరువంతా మంచం మీదే ఉండిపోతుంది, ఆంప్ సాకెట్ మీద పడేది ఆ సన్న వైరు బరువే. మొదటి రాత్రి ఎంత కదిలినా ఒక్క చిటపట లేకుండా తెల్లారేదాకా విన్నాను. ఆ రాత్రి కలిగిన సంతోషం ఆంప్ కొన్నరోజు కూడా కలగలేదు.

అలాగని అందులో లోటే లేదని కాదు. నా ఆంప్‌లో సాకెట్ పక్కనే వాల్యూమ్ గుండీ ఉంది, వంగిన పిన్ను దానికి అడ్డొస్తుంది. తిన్నటి పిన్నున్నది తీసుకుని ఉంటే బాగుండేది. చిలుము దీనికీ పడుతుంది, మా గాలి అలాంటిది. మొన్న తొలకరికి ఒకసారి ఎడమ చెవి తడబడింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదిపుల్లకి అద్ది తుడిచాను, సరిపోయింది. ఇప్పుడు నెలకోసారి తుడుస్తున్నాను. వాడనప్పుడు సిలికా జెల్ పొట్లాలు వేసిన డబ్బాలో పెడుతున్నాను.

ఫోన్ వైపు వైరు దగ్గర కూడా ఒకసారి మోసపోయాను. నా ఫోన్ టైప్-సి, ఆంప్‌ది పాత మైక్రో యూఎస్‌బీ. పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురంలో ఒక షాపులో చిన్న వైరు కొన్నాను. పెట్టగానే ఆంప్ లైటు వెలిగింది, ఫోన్ నుంచి ఛార్జింగ్ కూడా ఎక్కుతోంది, పాట మాత్రం ఫోన్ స్పీకర్‌లోనే వస్తోంది. అందులో కరెంటు తీగలే ఉన్నాయి, డేటా తీగలు లేవు. షాపులో అడిగేటప్పుడు "డేటా వెళ్లేదండి, ఓటీజీది" (ఫోన్‌కి వేరే పరికరం తగిలించే వైరు) అని అడిగి, వీలైతే అక్కడే పాట పెట్టి చూసుకోండి. రెండు కొసలా మైక్రో ఉన్న పాత ఓటీజీ వైరైతే ఏ కొస ఫోన్‌కి పెట్టాలో చూడాలి. ఫోన్ వైపు కొసలోనే ఐడీ పిన్ను (ఏ కొస ఫోన్‌దో గుర్తు చెప్పేది) గ్రౌండుకి కలిపి ఉంటుంది, తిరగేసి పెడితే పని చేయదు. కొన్ని ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఓటీజీ ఆన్ చేయాలి, కాసేపు వాడకపోతే అదే ఆగిపోతుంది.

యూఎస్‌బీ వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని మొదట్లో నేనే అందరికీ చెప్పేవాణ్ణి. పది సెంటీమీటర్ల వైరుతో ఫోన్‌ని ఆంప్ మీద పెట్టి రబ్బరు బ్యాండు వేస్తే ఒకటే బాక్సులా ఉంటుంది. బస్సులో అది నిజంగా హాయి. పాకలో మాత్రం సిగ్నల్ అంతంతమాత్రం. సిగ్నల్ బలహీనంగా ఉంటే ఫోన్ ఎక్కువ శక్తితో పంపాల్సి వస్తుంది, ఆ రొద పక్కనే ఉన్న ఆంప్‌లోకి దిగి డర్ర్ మంటుంది. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం నాకు కుదరదు, రెండో చెరువు కుర్రాడు ఫోన్ చేస్తాడు. ముప్పై సెంటీమీటర్ల వైరు వేసి రెండింటినీ దూరం జరిపాక ఆ బాధ తగ్గింది.

ఒక్క విషయంలో మాత్రం అనుమానం పెట్టుకోకండి. నా ఆంప్‌కి 4.4 బ్యాలెన్స్‌డ్ సాకెట్ కూడా ఉంది. దానికి 4.4 నుంచి మామూలు 3.5కి మార్చే అడాప్టర్ కొందామని మేనల్లుడు అన్నాడు, నేనే ఆపాను. బ్యాలెన్స్‌డ్‌లో ఎడమ చెవికీ కుడి చెవికీ విడివిడిగా రెండేసి తీగలు వస్తాయి. మామూలు పిన్ను పెడితే రెండు నెగటివ్‌లూ కలిసిపోతాయి, ఆంప్ కాలిపోవచ్చు. బ్యాలెన్స్‌డ్ హెడ్‌ఫోన్‌ని మామూలు సాకెట్‌కి పెట్టే అడాప్టర్ పర్వాలేదు, ప్రమాదం మామూలు హెడ్‌ఫోన్‌ని బ్యాలెన్స్‌డ్ సాకెట్‌కి పెట్టేదానితోనే.

ఖరీదైన వెండి పూత వైరు ఒకటి మా బాబాయిగారబ్బాయి దగ్గర నుంచి తెచ్చి పది రోజులు విన్నాను. నా చెవులకి తేడా తెలియలేదు. నిశ్శబ్దమైన గదిలో, ఏరేటర్ లేనిచోట ఎలా ఉంటుందో నేను విని చూడలేదు.

నా హెడ్‌ఫోన్ బరువైనది, నా గాలి ఉప్పుగాలి, నేను కదులుతూ వింటాను. రాజమండ్రిలో టేబుల్ మీద ఆంప్ పెట్టుకుని తేలికైన ఇయర్‌ఫోన్‌తో వినేవాళ్లకి ఇందులో సగం అవసరం రాకపోవచ్చు, ఆ ఇత్తడి ముక్కతోనే ఏళ్లు గడిచిపోవచ్చు. నాకైతే సాకెట్ మార్పించడం ఇంకా మిగిలే ఉంది. ఈ పంట పట్టుబడి అయ్యాక పంపిస్తాను. ఈసారి హెడ్‌ఫోన్, అడాప్టర్ కూడా అదే డబ్బాలో పెట్టి పంపుతాను.