కర్నూలు వైపు నుంచి వండర్‌లాకి, 38 మంది పిల్లలతో

నేను ఎమ్మిగనూరు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. జనవరి చివరి వారంలో ఒక బుధవారం 8, 9 తరగతుల పిల్లలు 38 మందితో హైదరాబాద్ దగ్గరున్న వండర్‌లా అనే వినోద పార్కుకి వెళ్ళొచ్చాం. నాతో పాటు సైన్స్ మేడం, పీఈటీ సార్ వచ్చారు. మా వైపు నుంచి స్కూలు పిల్లలతోనో, నాలుగైదు కుటుంబాలు కలిసో వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. రైడ్లు ఎలా ఉంటాయో వీడియోల్లో ఎంతైనా చూడొచ్చు. జనం మధ్యలో ఒక రోజును ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్ళే నాకు దొరకలేదు.

ముందు పోయినేడాది సంగతి చెప్పాలి. అప్పుడు వెళ్ళింది వేరే పార్కు. డిసెంబరు, అందులోనూ శనివారం. మాట్లాడుకున్న బస్సు గంటన్నర ఆలస్యంగా వచ్చింది. గేటు దాటేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఎవరైనా తప్పిపోతారేమోనన్న భయంతో పిల్లలందరినీ ఒకే లైన్లో, ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాను. సాయంత్రానికి ఒక్కొక్కరికి దక్కినవి నాలుగు రైడ్లు. తిరుగు ప్రయాణంలో ఒక పిల్లవాడు "రోజంతా రేషన్ షాపు కాడ నిలబడినట్టుంది మేడం" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. మా పిల్లల్లో చాలామంది అమ్మానాన్నలు మిరప కోతల కాలంలో గుంటూరు వైపు వలస పోతారు. అవ్వాతాతల దగ్గర ఉండి చదువుకునే పిల్లలు వాళ్ళు. నెలల తరబడి పదీ ఇరవై దాచి నా చేతిలో పెట్టిన డబ్బు అది. ఆ డబ్బుకి నేను వాళ్ళకి లైన్లు చూపించి తీసుకొచ్చాను.

అందుకే ఈసారి రోజు ఎంచుకోవడంలోనే సగం జాగ్రత్త పడ్డాను. శని, ఆదివారాల్లో జనమూ ఎక్కువే, టికెట్టూ ఎక్కువే. నవంబరు, డిసెంబరు నెలల్లో మామూలు రోజుల్లో కూడా స్కూలు బస్సులు బారులు తీరి ఉంటాయి. ఎక్స్‌కర్షన్లన్నీ అప్పుడే కదా. సంక్రాంతి సెలవులు అయిపోయాక, పరీక్షల వేడి ఎక్కకముందు ఓ రెండు మూడు వారాలు కాస్త ఖాళీ దొరుకుతుంది. అందులోనూ మంగళ, బుధవారాలు మేలు.

రెండో జాగ్రత్త క్లాసు గోడ మీద చేశాం. వండర్‌లాలో టికెట్టుకి వయసు కాదు, ఎత్తు లెక్క. 85 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ లేదు, అక్కడి నుంచి 140 దాకా పిల్లల టికెట్, ఆపైన పెద్దల టికెట్. పెద్ద రైడ్లు ఎక్కాలన్నా ఆ 140 దాటాలి. గోడ మీద చాక్‌పీసుతో 140 దగ్గర గీత గీసి అందరినీ కొలిచాను. ఆరుగురు గీత కిందే ఉన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె 138 దగ్గర ఆగిపోయింది. ఆ రోజు కాసేపు ఏడ్చింది. అక్కడ అరగంట లైన్లో నిలబడి, కొలబద్ద దగ్గర నుంచి వెనక్కి రావడం కంటే క్లాసులో ఏడవడమే నయం అనిపించింది. ఆ ఆరుగురినీ ఒక జట్టు చేసి, వాళ్ళు ఎక్కగలిగే రైడ్ల పట్టిక విడిగా రాసిచ్చాం. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు దయచేసి ఇంట్లోనే కొలవండి.

వాటర్ రైడ్లకి నైలాన్ లాంటి సింథటిక్ బట్టలే వేసుకోవాలి. చుడీదార్లు, కాటన్ బట్టలతో రానివ్వరు. ఈ విషయం ఆడపిల్లల తల్లులకి నెల ముందే మీటింగ్ పెట్టి చెప్పాం. మోచేతుల దాకా చేతులుండే టీషర్టులు, పొడుగు లెగ్గింగ్స్ కర్నూల్లోనే కొన్నాం. వాటిని పిల్లలు యూనిఫాం లోపలే వేసుకుని రావడంతో బట్టలు మార్చుకునే గదుల దగ్గర నిలబడే పని సగం తగ్గింది.

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కర్నూలు దాటి, తుంగభద్ర దాటి, బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి తూర్పున వెలుగు వస్తోంది. పిల్లలంతా కిటికీల వైపు జరిగి ఆంజనేయస్వామికి దండం పెట్టుకున్నారు. మన వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది: హైదరాబాద్ నగరంలోకి వెళ్ళనే అక్కర్లేదు. 44వ నంబరు జాతీయ రహదారి మీద శంషాబాద్ దాకా వచ్చి, ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, తుక్కుగూడ దాటాక రావిర్యాల దగ్గర 13వ ఎగ్జిట్‌లో దిగితే పార్కు వచ్చేసినట్టే. కర్నూలు నుంచి దాదాపు 200 కిలోమీటర్లు. జడ్చర్ల దాటాక ఒక చెట్టు కింద బస్సు ఆపి, ఇంటి నుంచి తెచ్చుకున్న ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. పావు తక్కువ పదికే పార్కింగ్‌లో ఉన్నాం. గేటు తెరిచేది పదకొండింటికి. బయటి తిండి లోపలికి తీసుకెళ్ళనివ్వరు కాబట్టి, ఆ గంటలో బస్సులోనే చిత్రాన్నం కూడా పెట్టేశాం. మళ్ళీ మూడింటి దాకా ఆకలి అనకూడదని ఒప్పందం.

పిల్లల్ని ఆరు జట్లుగా విడగొట్టాం. గీత కింద ఉన్న ఆరుగురు సైన్స్ మేడంతో ఉంటారు. మిగిలిన 32 మంది ఐదు జట్లు: ఎనిమిది మందివి ఒకటి, ఆరుగురివి నాలుగు. అన్నీ సరిసంఖ్యలే, ఎందుకంటే చాలా రైడ్లలో సీట్లు జంటలుగా ఉంటాయి. ఒంటరిగా మిగిలిన పిల్ల తర్వాతి ట్రిప్పు దాకా ఆగాలి, వాళ్ళ కోసం జట్టంతా ఆగాలి. 38 మంది ఒకే లైన్లో చేరితే ఎక్కే రైడ్ ఏదైనా సరే, మొదటివాడు దిగిన చాలాసేపటికి గానీ చివరివాడు దిగడు. దిగినవాళ్ళు ఊరికే కూర్చోవాలి. పోయినేడాది నేను చేసిన తప్పు అదే. ఒంటిగంటన్నరకి, మూడింటికి, ఐదున్నరకి అందరూ వేవ్ పూల్ దగ్గర కలవాలని, ప్రతి జట్టు నాయకుడి చేతికి వాచీ ఉండాలని చెప్పాం.

గేటు తెరవగానే కంటికి కనిపించిన మొదటి రైడ్ దగ్గరే జనం ఆగిపోతారు. అక్కడ పావుగంటలో పెద్ద లైను తయారవుతుంది. మా పిల్లలకి ముందే మ్యాపు చూపించి, నేరుగా లోపలికి నడవమన్నాం. మొదటి గంటలోనే ఒక జట్టు నాలుగు రైడ్లు ఎక్కింది. పోయినేడాది రోజంతటికీ దక్కినవి అన్నే.

రీకాయిల్ లైను మాత్రం ఏ వేళకి వెళ్ళినా పొడుగే. రివర్స్ లూపింగ్ రోలర్ కోస్టర్ అది. మెలికలు తిరిగి తలకిందులు చేసి, కొండలాంటి ఎత్తు చివరికి ఎక్కించి, అదే దారిలో వీపు ముందుగా వెనక్కి లాక్కొస్తుంది. నేను ఎనిమిది మంది జట్టుతో ఆ లైన్లో నిలబడ్డాను. ఐదు నిమిషాలు కాకముందే "ఇంగా ఎంతసేపు మేడం?" మొదలైంది. మీరే లెక్క కట్టండి అన్నాను. ఒక ట్రిప్పుకి 28 సీట్లు. ముందు ఎంతమంది ఉన్నారో ఒకడు వంగి తొంగి లెక్కపెట్టి 170 అన్నాడు. ఒక ట్రిప్పు బయల్దేరినప్పటి నుంచి మరో ట్రిప్పు బయల్దేరేదాకా మా వాచీలో ఐదు నిమిషాలు. 170ని 28తో భాగిస్తే ఆరు ట్రిప్పులు, 30 నిమిషాలు అని తేల్చారు. ఎక్కేసరికి 36 అయింది. ఎందుకు తప్పిందో దిగాక ఒక అమ్మాయి చెప్పింది: "ప్రతిసారీ మూడు నాలుగు సీట్లు ఖాళీగా పోయినాయి మేడం. కలిసి వచ్చినోళ్ళు విడిగా ఎక్కడానికి ఒప్పుకోలేదు." నిజమే. 24 చొప్పున వేస్తే ఏడు ట్రిప్పులు, 35 నిమిషాలు. లైన్లో ఉన్నవాళ్ళ సంఖ్యని నిమిషానికి ఎక్కేవాళ్ళ సంఖ్యతో భాగిస్తే ఆగాల్సిన సమయం వస్తుంది. జాన్ లిటిల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1961లో నిరూపించిన సూత్రం ఇదే. నల్లబల్ల మీద చెబితే ఆవలించే పిల్లలు ఆ తర్వాత ప్రతి లైను దగ్గరా వాచీ చూసి, తలలు లెక్కపెట్టి, ఇది ఎక్కాలా, పక్కదానికి పోవాలా అని వాళ్ళే తేల్చుకున్నారు. ఇరవై నిమిషాలు దాటితే పక్కదానికి పోవడం, ఇదీ వాళ్ళు పెట్టుకున్న నియమం. రీకాయిల్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చారు.

పక్కన ఫాస్ట్‌ట్రాక్ దారి ఉంటుంది. ఎక్కువ డబ్బు పెట్టి ఆ టికెట్టు కొన్నవాళ్ళు అందులో త్వరగా వెళ్తారు. ఒక పిల్లవాడు "తిరుమలలో 300 రూపాయల దర్శనం మాదిరి" అన్నాడు. నా అభిప్రాయం అడిగితే, మామూలు రోజు వెళ్ళేవాళ్ళకి ఫాస్ట్‌ట్రాక్ అక్కర్లేదు. సెలవుల్లో ఆదివారం తప్ప వీలుకాని ఉద్యోగస్తులు, పెద్దవాళ్ళు వెంట ఉన్నవాళ్ళు మాత్రం ఆలోచించొచ్చు. ఐదుగురు కుటుంబం ఆ తేడా డబ్బుతో ఒకరోజు సెలవు పెట్టి బుధవారం రావడమే మంచిదని నేనంటాను.

ఒంటిగంట నుంచి రెండు దాకా జనమంతా భోజనాల దగ్గర ఉంటే, మా పిల్లలు రైడ్ల మీద ఉన్నారు. పొద్దున బస్సులో పెట్టిన చిత్రాన్నం పని అక్కడ తెలిసింది. అదే సమయంలో మిషన్ ఇంటర్‌స్టెల్లార్‌కి కూడా వెళ్ళాం. కుర్చీలో కూర్చోబెట్టి పెద్ద తెర ముందు అంతరిక్షంలో ఎగురుతున్నట్టు చేస్తారు. నీడలో, చల్లగా, కాళ్ళు నొప్పి పుట్టిన వేళకి సరిగ్గా సరిపోయింది. వాటర్ రైడ్లు అన్నిటికంటే చివర పెట్టుకున్నాం. ముందే తడిస్తే తడిబట్టలతో మళ్ళీ మిగతా రైడ్ల వైపు రాలేం, పిల్లలు చలికి వణుకుతారు. అయితే వాటర్ రైడ్లు సాయంత్రం మిగతావాటి కంటే ముందే ముగిస్తారు. ఆ వేళలు గేటు దగ్గరే అడిగి తెలుసుకోండి.

నాలుగు దాటాక పార్కు స్వభావమే మారుతుంది. దూరం నుంచి వచ్చిన స్కూలు బస్సులు బయల్దేరతాయి, విజిళ్ళు వినిపిస్తాయి, లైన్లు పలచబడతాయి. మేమూ దూరం వాళ్ళమే. కానీ ఇల్లు చేరేది రాత్రి పన్నెండైనా పర్వాలేదని తల్లిదండ్రుల దగ్గర ముందే ఒప్పించుకున్నాం, మర్నాడు పిల్లలకి మధ్యాహ్నం నుంచి బడి అని హెడ్‌మాస్టర్ గారు ఒప్పుకున్నారు. ఆ చివరి గంటన్నరలో దొరికిన సంతోషం మిగతా రోజంతటికీ సమానం. పైనుంచి వానలా నీళ్ళు పడే రెయిన్ డిస్కోలో పాటలకి పీఈటీ సార్ పిల్లలతో కలిసి గెంతారు. ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి జట్టు మధ్యలోకి వెళ్ళి తప్పెట వేసినట్టు చేతులతో దరువు వేశాడు. వేవ్ పూల్‌లో అలలు మొదలయ్యే ముందు సైరన్ మోగిన ప్రతిసారీ అందరూ చేతులు పట్టుకున్నారు. సముద్రం చూడని పిల్లలు వాళ్ళు.

జట్లు నోటుబుక్కుల్లో రాసుకున్న లెక్క చూశాను. సగటున ఒక్కొక్కరికి 11 రైడ్లు, నీళ్ళల్లో మరో ఐదు. గీత కింద ఉన్న ఆరుగురికి తొమ్మిది. వాళ్ళకి దక్కేవి తక్కువే, ఆ సంగతి తెలిసే వెళ్ళాలి. అందరూ చిన్నపిల్లలే ఉన్న కుటుంబమైతే ఇంకో రెండేళ్ళు ఆగి వెళ్ళమంటాను.

వండర్‌లా వాళ్ళ మొదటి పార్కు కొచ్చిలో 2000లో వచ్చింది, తర్వాత 2005లో బెంగళూరు, 2016లో హైదరాబాద్. అనంతపురం, హిందూపురం వాళ్ళకి బెంగళూరు దగ్గర. మన కర్నూలు, నంద్యాల వాళ్ళకి ఇదే దగ్గర.

క్లాసు గోడ మీద చాక్‌పీసు గీత ఇంకా చెరపలేదు. 138 దగ్గర ఆగిన అమ్మాయి ప్రతి సోమవారం ప్రార్థన కాగానే వచ్చి గోడకి ఆనుకుని నిలబడుతుంది. మొన్న కొలిస్తే 139 దాటింది.