మన అమ్మాయిల జూనియర్ ఫుట్‌బాల్ రికార్డు ఎక్కడ చూడాలి? నాలుగు ఉచిత సేవల సమీక్ష

భారత అండర్-17 అమ్మాయిల జట్టు ప్రపంచకప్ రికార్డు రెండు ముక్కల్లో అయిపోతుంది. 2022లో ఆతిథ్య దేశంగా ఒకే ఒక్కసారి ఆడింది. మూడు మ్యాచ్‌లూ భువనేశ్వర్ కళింగ స్టేడియంలోనే: అక్టోబర్ 11న అమెరికా చేతిలో 0-8, 14న మొరాకో చేతిలో 0-3, 17న బ్రెజిల్ చేతిలో 0-5. కొట్టిన గోల్స్ సున్నా, ఇచ్చుకున్నవి 16.

ఇక్కడిదాకా ఏ సైట్ చూసినా తేడా రాదు. కానీ ‘దక్షిణాసియాలో మన జూనియర్లు ఎన్ని టైటిళ్లు గెలిచారు?’ అని వెతికి చూడండి. ఒకచోట ఒకటి అని ఉంటుంది, మరోచోట మూడు, ఇంకోచోట ఐదు. మూడూ తప్పు కాకపోవచ్చు. ఏ వయసు విభాగాన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఉమ్మడి విజేతను ఎలా రాశారు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. పత్రికలకు రాసేవాళ్లు, పీఈటీలు, జిల్లా సంఘాల్లో పనిచేసేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అందుకే ఈ పనికి వాడే నాలుగు సేవలను, ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్, ఫిఫా (ప్రపంచ సమాఖ్య), ఏఎఫ్‌సీ (ఆసియా సమాఖ్య), ఏఐఎఫ్ఎఫ్ (భారత సమాఖ్య) సైట్లను, పక్కపక్కన పెట్టి చూద్దాం. నాలుగింటిలోనూ ఫలితాలు చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు. లెక్క 2025 చివరి వరకు.

ముందుగా ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్. ప్రపంచం నలుమూలలా ఉన్న ఫుట్‌బాల్ గణాంకకారులు 1994 నుంచి స్వచ్ఛందంగా నడుపుతున్న భాండాగారం ఇది. బొమ్మల్లేవు, రంగుల్లేవు, టైప్‌రైటర్ మీద కొట్టిన కాగితంలా ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్లు పాతబడి వదిలేసిన సైట్ అనుకుని వెనక్కి వెళ్లిపోతారు. వెళ్లకండి. ప్రతి పేజీ అడుగున దాన్ని ఎవరు తయారుచేశారు, చివరిసారి ఎప్పుడు సవరించారు అని ఉంటుంది. గణాంకాల పనిలో ఆ రెండు వరుసల విలువ ఇంతా అంతా కాదు. ఎందుకో కింద చెప్పే ఢాకా మ్యాచ్ దగ్గర తెలుస్తుంది.

పట్టిక చదవడం ఒకసారి అలవాటైతే చాలు. 2022 ప్రపంచకప్ గ్రూప్-ఏలో భారత్ వరుసలో 3, 0, 0, 3, 0-16, 0 అని కనిపిస్తే, అవి వరుసగా ఆడినవి, గెలిచినవి, డ్రా, ఓడినవి, గోల్స్, పాయింట్లు. స్కోరు పక్కన కురచ అక్షరాల గుర్తులుంటాయి. ఏఈటీ అంటే అదనపు సమయం, పెన్ అంటే పెనాల్టీ షూటౌట్, ఏబీడీ అంటే మధ్యలో ఆగిన మ్యాచ్, ఏడబ్ల్యూడీ అంటే మైదానంలో కాకుండా నిర్వాహకులు తేల్చిన ఫలితం. ఈ చివరి గుర్తు ఉన్న మ్యాచ్‌లో గోల్స్‌ను స్కోరర్ల లెక్కలో కలపకూడదు. ఫోన్లో చూస్తే వరుసలు విరిగి అంకెలు ఒకదాని కింద ఇంకోటి పడతాయి. ఫోన్ అడ్డంగా తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. లేదంటే డెస్క్‌టాప్ మోడ్ పెట్టుకోండి. వెతకడానికి సైట్ మొదటి పేజీ నుంచి తిరగడం దండగ. గూగుల్‌లో సైట్ పేరు, టోర్నీ పేరు, సంవత్సరం కలిపి ఇస్తే నేరుగా పేజీకే వెళ్తారు. లోటు ఒకటుంది. అమ్మాయిల జూనియర్ పోటీల పేజీల్లో స్కోరు దొరికినా గోల్ కొట్టినవాళ్ల పేర్లు, నిమిషాలు లేని మ్యాచ్‌లు ఎదురవుతాయి. అయినా దీర్ఘకాలపు రికార్డుకు దీనికి సాటి వచ్చేది లేదు.

ఇక అసలు చిక్కు, వయసు. ఫిఫా అమ్మాయిల జూనియర్ ప్రపంచ పోటీ 2002, 2004లో అండర్-19గా జరిగి, 2006 నుంచి అండర్-20 అయింది. ఏఎఫ్‌సీ పోటీలు 2019 వరకు అండర్-16, అండర్-19 పేర్లతో సాగి, 2022 టోర్నీల నుంచి అండర్-17, అండర్-20 ఆసియా కప్‌లయ్యాయి. కోవిడ్ వల్ల ఆ 2022 టోర్నీలు జరగనే లేదు. కాబట్టి కొత్త పేరుతో ఆడింది 2024 నుంచే. దక్షిణాసియా సమాఖ్య శాఫ్ అయితే తరచూ వయసు మార్చింది. చిన్నవాళ్ల విభాగం 2017, 2018, 2019, 2022లో అండర్-15, 2023లో అండర్-17, 2024లో అండర్-16, 2025లో మళ్లీ అండర్-17. పెద్దవాళ్ల విభాగం 18, 19, 20 మధ్య తిరిగింది.

దీనివల్ల జరిగేది ఇదీ. ‘శాఫ్ అండర్-17’ అని మాత్రమే వెతికితే 2023, 2025 టోర్నీలే వస్తాయి. 2023లో ఢాకాలో అతిథిగా వచ్చిన రష్యా గెలిచింది. 2025లో థింపూలో భారత్ గెలిచింది. కనుక ‘మన టైటిల్ ఒకటే’ అని రాసేస్తారు. చిన్నవాళ్ల విభాగం మొత్తం చూస్తే 2018లో థింపూ ఫైనల్లో బంగ్లాదేశ్‌పై 1-0తో, 2019లో అక్కడే అదే జట్టుపై 0-0 తర్వాత షూటౌట్‌లో గెలిచిన టైటిళ్లు కూడా కలుస్తాయి. మొత్తం మూడు. 2017 ఢాకా ఫైనల్లో 0-1తో, 2024 నేపాల్ ఫైనల్లో 1-1 తర్వాత షూటౌట్‌లో బంగ్లాదేశ్ చేతిలోనే ఓడారు. పెద్దవాళ్ల విభాగంలో 2022 అండర్-18 టైటిల్ జంషెడ్‌పూర్‌లో, 2024 అండర్-19 ఉమ్మడి టైటిల్ ఢాకాలో. అవీ కలిపితే ఐదు. ఒకటి, మూడు, ఐదు ఎక్కడి నుంచి వచ్చాయో చూశారుగా. ఈ విభాగాలను ఒకే సంచిలో వేయకుండా రాసే సేవ ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్ ఒక్కటే అని మా నిశ్చితాభిప్రాయం.

ఢాకాలో 2024 ఫిబ్రవరి 8న జరిగిన అండర్-19 ఫైనల్‌ను ఏ వనరుకైనా గీటురాయిగా వాడండి. నిర్ణీత సమయానికి 1-1. షూటౌట్‌లో రెండు జట్లలోనూ పదకొండు మందీ గోల్ కొట్టడంతో 11-11. అప్పుడు పెనాల్టీ కిక్‌లు కొనసాగించాల్సింది పోయి నాణెం ఎగరేశారు, భారత్ గెలిచిందన్నారు. బంగ్లాదేశ్ అభ్యంతరం చెప్పింది. చివరికి ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. మొదటి ప్రకటన చూసి అప్‌డేట్ చేసి, మళ్లీ తిరిగి చూడని చోట్ల ఇప్పటికీ ‘విజేత: భారత్’ అని మాత్రమే ఉంటుంది. అలాంటి చోటును మిగతా ఫలితాలకూ నమ్మకండి. మీ పట్టికలో ఈ మ్యాచ్‌ను డ్రాగా వేసి, టైటిల్ గడిలో ‘ఉమ్మడి’ అని రాయండి. షూటౌట్ దాకా వెళ్లిన మ్యాచ్ ఏదైనా గెలుపోటముల లెక్కలో డ్రానే. ముందంజ ఎవరిది అన్నది వేరే గడి.

లైవ్ స్కోర్ యాప్‌ల మీదా ఒక ఫిర్యాదు ఉంది. లీగ్ పద్ధతిలో జరిగిన టోర్నీ చివరి మ్యాచ్‌ను ఫైనల్‌గా లెక్కగట్టే ప్రమాదం వాటిలో ఎక్కువ. జంషెడ్‌పూర్‌లో 2022లో భారత్ చివరి మ్యాచ్ బంగ్లాదేశ్‌కు 0-1తో ఓడినా గోల్ తేడాతో విజేత. థింపూలో 2025లో చివరి మ్యాచ్ 3-4తో ఓడింది, కానీ అప్పటికే టైటిల్ ఖాయమైపోయింది. రెండింటిలోనూ ఫైనల్ అనేదే లేదు. యాప్‌లో ఆఖరి స్కోరు చూసి ‘రన్నరప్’ అని రాస్తే ఆ అమ్మాయిలకు అన్యాయం చేసినట్టే.

ఫిఫా సైట్ పరిధి చిన్నది, లోతు ఎక్కువ. ప్రపంచకప్ ప్రధాన టోర్నీ మ్యాచ్‌లకు తుది జట్టు, మార్పులు, కార్డులు, నిమిషాలు అన్నీ ఇస్తుంది. ఆసియా అర్హత పోటీలు అందులో వెతకొద్దు, అవి ఏఎఫ్‌సీ పని. 2022లో భారత్ ఆతిథ్య హోదాతో నేరుగా ఆడింది కాబట్టి ఆ ప్రపంచకప్‌కు అర్హత మ్యాచ్‌ల వరుస ఖాళీగా ఉండటం పొరపాటు కాదు.  2020 ప్రపంచకప్ కూడా మనకే ఇచ్చారు, కోవిడ్ వల్ల రద్దయింది. తేదీల విషయంలో మాత్రం జాగ్రత్త. 2024 టోర్నీ జరిగిన డొమినికన్ రిపబ్లిక్ మనకన్నా తొమ్మిదిన్నర గంటలు వెనక. అక్కడి సాయంత్రం మ్యాచ్ మన క్యాలెండర్‌లో మర్నాడు పడుతుంది. పట్టికలో ఎప్పుడూ మైదానం ఉన్న ఊరి తేదీనే వేయండి.

ఫిఫా పట్టికను చేత్తో ఎక్కించేటప్పుడు ఒక చిన్న పరీక్ష తప్పనిసరి. గ్రూప్‌లో అందరూ కొట్టిన గోల్స్ మొత్తం, అందరూ ఇచ్చుకున్న గోల్స్ మొత్తానికి సమానం కావాలి. 2022 గ్రూప్-ఏలో కొట్టినవి అమెరికా 13, బ్రెజిల్ 7, మొరాకో 3, భారత్ 0, మొత్తం 23. ఇచ్చుకున్నవి 1, 1, 5, 16, అవీ 23. గెలుపులు 2+2+1, ఓటములు 2+3, రెండూ ఐదే. డ్రాల మొత్తం ఎప్పుడూ సరి సంఖ్యే రావాలి, ఇక్కడ 2. ఇందులో ఏ ఒక్కటి కుదరకపోయినా ఏదో స్కోరు తిరగబడి ఎక్కిందని అర్థం.

ఏఎఫ్‌సీ సైట్ ఇటీవలి అర్హత పోటీలకు బాగా పనికొస్తుంది. పాత టోర్నీల కోసం అయితే మళ్లీ ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్ దారే పట్టాలి. ఇక్కడ అందరూ తప్పే చోటు సంవత్సరం. మ్యాచ్ జరిగిన ఏడాదిని కాదు, ప్రధాన టోర్నీ ఏడాదిని వెతకాలి. 2025 ఆగస్టులో యాంగన్‌లో అండర్-20 అమ్మాయిలు ఇండోనేషియాతో 0-0, తుర్క్‌మెనిస్తాన్‌పై 7-0, ఆతిథ్య మయన్మార్‌పై పూజ కొట్టిన గోల్‌తో 1-0. ఇవన్నీ 2026 ఆసియా కప్ కింద ఉంటాయి. అలాగే అక్టోబర్‌లో బిష్కెక్‌లో అండర్-17 జట్టు కిర్గిజ్‌స్తాన్‌ను, ఉజ్బెకిస్తాన్‌ను వరుసగా 2-1, 2-1తో ఓడించిన మ్యాచ్‌లు. ఉజ్బెక్ మ్యాచ్‌లో ముందు గోల్ ఇచ్చుకుని, రెండో సగంలో తండామణి బాస్కే, అనుష్క కుమారి గోల్స్‌తో తిప్పేశారు. 2005 తర్వాత ఆ వయసు జట్టు ఆసియా కప్‌కు వెళ్లడం ఇదే, అదీ అర్హత పోటీలు గెలిచి వెళ్లడం ఇదే మొదలు. 2022 నాటి 0-16 ఒక్కటే గుర్తుపెట్టుకుని ఈ జట్టు గురించి మాట్లాడేవాళ్లకు ఈ రెండు ఫలితాలు చూపించాలి.

అయితే అర్హత మ్యాచ్‌ల గోల్స్‌నూ ప్రధాన టోర్నీ గోల్స్‌నూ కలిపి సగటు తీయకండి. 2018లో థాయ్‌లాండ్‌లో అండర్-19 అర్హత పోటీల్లో మన అమ్మాయిలు పాకిస్తాన్‌పై 18-0తో గెలిచారు. ఆ ఒక్క స్కోరు చేరితే ఆ ఏడాది మొత్తం గోల్ సగటు అర్థం లేకుండా పోతుంది.

ఏఐఎఫ్ఎఫ్ సైట్ బలం వార్తా కథనాలు. వాటి చివర తరచుగా తుది జట్టు, బదులు దిగినవాళ్ల పేర్లు ఇస్తారు. శాఫ్ మ్యాచ్‌లకు మన వైపు పేర్లు దొరికే మొదటి చోటు ఇదే. బలహీనత, అంతా వచనంలో ఉండటం. పట్టిక మీరే కట్టుకోవాలి. స్నేహపూర్వక పర్యటనలూ అదే వరుసలో వస్తాయి. 2022 ప్రపంచకప్ సన్నాహంగా ఇటలీ, నార్వేల్లో ఆడినవి పోటీ రికార్డులోకి రావు, వాటిని వేరే షీట్‌లో పెట్టండి. ఇంగ్లీషులో పేర్ల వరుస కూడా మారుతుంటుంది. నిజామాబాద్ నుంచి జూనియర్ జట్ల మీదుగా సీనియర్ జట్టుకు ఎదిగిన సౌమ్య గుగులోత్ పేరు ఇంటిపేరు ముందుగా ఒకచోట, వెనగ్గా మరోచోట కనిపిస్తుంది. రెండు విధాలా వెతక్కపోతే సగం మ్యాచ్‌లు జారిపోతాయి. ఒకే పేరున్న ఇద్దరు ఎదురైతే ఫిఫా, ఏఎఫ్‌సీ జట్టు జాబితాల్లోని జెర్సీ నంబరుతో సరిచూసుకోవాలి.

పట్టికకు గడులు ఇవి చాలు: తేదీ, ఊరు, టోర్నీ, టోర్నీ ఏడాది, వయసు పరిమితి, దశ, ప్రత్యర్థి, 90 నిమిషాల స్కోరు, అదనపు సమయం, షూటౌట్, వనరు, సరిచూసిన రెండో వనరు. చివరి గడి ఖాళీగా ఉన్న మ్యాచ్‌ను మొత్తంలో కలపకూడదు.

మార్కులు వేయమంటే ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌కు ఐదుకు నాలుగున్నర, ఫిఫాకు నాలుగు, ఏఎఫ్‌సీకి మూడున్నర, ఏఐఎఫ్ఎఫ్‌కు మూడు. వికీపీడియా పేజీ మొదటి చూపుకు మంచిదే, ఏ టోర్నీలు వెతకాలో అది చెప్తుంది. అంకె మాత్రం అక్కడి నుంచి తీసుకోకుండా దాని కింద ఇచ్చిన లింకు తెరవండి. పది నిమిషాల్లో వార్త పంపాల్సి వస్తే శాఫ్ ఫలితమైతే ఏఐఎఫ్ఎఫ్ కథనం, ఆసియా అర్హత అయితే ఏఎఫ్‌సీ మ్యాచ్ పేజీ తెరిచి ఆ ఒక్క స్కోరుతో సరిపెట్టండి. మొత్తం రికార్డు వాక్యం ఆర్‌ఎస్‌ఎస్‌ఎస్‌ఎఫ్‌తో పోల్చాక మర్నాటి ఎడిషన్‌లో రాయొచ్చు.