మైలాపూర్ మండువా హోటల్: గదికి తక్కువ మార్కులు, వీధికి ఎక్కువ

డిసెంబరు సంగీత సీజన్‌కి చెన్నై వెళ్తూ, ఎప్పుడూ దిగే టి.నగర్ వద్దనుకుని ఈసారి మైలాపూర్‌లో గది తీసుకున్నాం. కపాలీశ్వరుడి గుడి మాడవీధులకు పది నిమిషాల నడక. పాత మండువా ఇంటిని హోటల్‌గా మార్చారు. వీధిలోకి అరుగు, లోపల నాలుగు పక్కలా స్తంభాలు, మధ్యలో ఆకాశం.

గది చూడగానే మా అత్తయ్య ముఖం వెలిగిపోయింది. పైకప్పు మద్రాస్ టెర్రస్. అంటే టేకు దూలాల మీద సన్నటి ఇటుకలు పేర్చి సున్నంతో బిగించినది. నేలంతా ఆత్తంగుడి పలకలు. వీటిని చెట్టినాడులో గాజు పలక మీద రంగులు పోసి ఒక్కొక్కటీ చేత్తోనే చేస్తారు, అందుకే చెప్పుల్లేకుండా నడవబుద్ధేస్తుంది.

ఈ అందమంతా బాత్రూమ్ గడప దగ్గర ఆగిపోయింది. జానెడు ఎత్తు గడప, పట్టుకోవడానికి కడ్డీ లేదు. ఇద్దరు స్నానం చేసేసరికి మూడో మనిషికి గోరువెచ్చని నీళ్లే. లిఫ్ట్ ఎలాగూ ఉండదని తెలుసు కానీ, కింద గది కావాలని ముందే చెప్పినా పైగది ఇచ్చారు. మోకాళ్ల నొప్పులున్న మనిషితో ఆ నిటారు మెట్లు ఎక్కుతుంటే ప్రతిసారీ టెన్షనే. రిసెప్షన్‌లో ఉన్న చిత్తూరు వైపు కుర్రాడు మాత్రం బంగారం. "అమ్మమ్మగారూ, మీరు దిగకండి, కాఫీ పైకే తెస్తా" అని తెచ్చిపెట్టాడు. మర్నాటికి గది కూడా మార్పించాడు.

టిఫిన్ గది అద్దెలోనే కలిపి ఉంది. చల్లారిన ఇడ్లీ, బ్రెడ్డు, కార్న్‌ఫ్లేక్స్. మైలాపూర్‌లో చల్లటి ఇడ్లీ పెట్టడానికి ధైర్యం కావాలి! టిఫిన్ లేని రేటు అడిగి తీసుకోండి. మిగిలిన డబ్బుతో ఆరండేల్ వీధిలోని రాయర్ మెస్‌లో నెయ్యి పొంగలి, వడ ఇద్దరు తినొచ్చు. చోటు చిన్నది, బయట నిలబడాలి, పొద్దెక్కితే సరుకు అయిపోతుంది. ఎండవేళ మాడవీధి దగ్గర కాళత్తి కొట్టులో రోజ్ మిల్క్ తాగాం. నాకది తీపి ఎక్కువ, అత్తయ్యకి మాత్రం రెండో గ్లాసు కావాల్సి వచ్చింది.

గుడికి మధ్యాహ్నం వెళ్తే తలుపులు మూసుంటాయి, సాయంత్రం నాలుగు దాటాకే తెరుస్తారు. ధనుర్మాసంలో అసలు వెళ్లాల్సింది తెల్లవారకముందే. చీకటుండగానే మాడవీధుల్లో తిరుప్పావై పాడుకుంటూ వెళ్లేవాళ్లు, ఇళ్ల ముందు కూర్చుని ముగ్గులు పెట్టేవాళ్లు, కోనేటి గట్టున పూలబుట్టలు. గది తలుపు తీసి నడిచి వెళ్లగలగడమే ఇక్కడ దిగినందుకు అసలు లాభం. టి.నగర్ నుంచైతే ఆ వేళకి ఆటో కోసం తంటాలే. నిద్ర తేలికైన వాళ్లు మాత్రం మైకుల మోతకి సిద్ధపడాలి.

దాదాపు 37 మీటర్ల రాజగోపురం చూసి ఇదంతా ఎన్నో శతాబ్దాల నాటిదనుకుంటాం. గోపురం కట్టింది 1906 ప్రాంతంలో. సముద్రం ఒడ్డున ఉండే పాత గుడి పోర్చుగీసుల కాలంలో పోయిందనీ, ఇప్పుడున్నది ఆ తర్వాతిదనీ చెబుతారు. ఆ ఒడ్డునే శాంథోమ్ చర్చి, సెయింట్ థామస్ సమాధి మీద కట్టారని క్రైస్తవుల నమ్మకం. ఇప్పటి తెల్లటి కట్టడం 1890ల నాటిది. గుడి నుంచి నడిచే వెళ్లొచ్చు.

మన వాళ్లు చాలామంది గుడి, చర్చి చూసి తిరిగెళ్లిపోతారు. నా మటుకు నాకు ఈ యాత్రలో బాగా గుర్తుండేది రాయపేట హైరోడ్డులోని 126వ నంబరు ఇల్లు. స్వాతంత్ర్య సమరయోధుడు బులుసు సాంబమూర్తి గారి ఇల్లు అది. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబరు 19న ఆంధ్ర రాష్ట్రం కోసం అక్కడే నిరాహార దీక్ష మొదలుపెట్టి, 58 రోజులకు, డిసెంబరు 15 రాత్రి అక్కడే కన్నుమూశారు. ఇప్పుడది స్మారక భవనం. ముందు నుంచి బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోతుంటాయి. మా బండి డ్రైవరు దాన్ని రెండుసార్లు దాటేసి వెనక్కి తిప్పాడు. ఊరూరా ఆయన విగ్రహం పెట్టుకున్న మనం ఈ ఇంటిని ఏ టూర్ ప్యాకేజీలోనూ ఎందుకు కలపమో నాకర్థం కాదు.

లజ్ చర్చి రోడ్డులో నాగేశ్వరరావు పార్కు ఉంది. అమృతాంజనం, ఆంధ్రపత్రిక స్థాపించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరు మీదే. 1937 నవంబరు 16న ఆంధ్ర రాష్ట్రం విషయమై కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒప్పందం కుదిరింది ఈ చుట్టుపక్కలే, ఆయన ఇల్లు శ్రీబాగ్‌లో. పార్కులో పొద్దున నడకకి వచ్చే తమిళ పెద్దలకు ఆ పేరు బాగా తెలుసు, తలనొప్పి మందు వల్ల.

ఒక్క ఇబ్బంది, మెట్రో పనులు. లజ్ దగ్గర దారులు మళ్లించారు, యాప్‌లో చూపించే టైముకి ఇంకో ఇరవై నిమిషాలు కలుపుకోండి. సెంట్రల్‌లో దిగి సామాను తక్కువుంటే, రోడ్డు దాటి పార్క్ టౌన్ స్టేషన్లో లోకల్ ఎక్కితే మైలాపూర్‌లోని తిరుమయిలై స్టేషన్లో దించుతుంది. పెద్దవాళ్లుంటే ఆ మెట్లు వద్దు, ఆటోయే నయం. సీజన్‌లో చాలా సంగీత సభల్లో పగటి కచేరీలు ఉచితమే, టికెట్ కొననక్కర్లేదు. త్యాగరాజ కీర్తనకి తల ఊపుతున్న పక్కాయన అర్థం అడిగితే చెప్పే బాధ్యత మాత్రం మీ మీద పడుతుంది. మేం గది ఖాళీ చేశాక కూడా హోటల్ వాళ్లు రాత్రి రైలు దాకా మా సామాను ఉంచుకున్నారు, దానికి డబ్బు తీసుకోలేదు.