డిటాచబుల్ ఇయర్‌ఫోన్ కేబుల్ కొంటున్నారా? ఒక పక్క పోలారిటీ తిరగబడి వస్తోంది, జాగ్రత్త

టూ-పిన్ ఇయర్‌ఫోన్లకు (కేబుల్ రెండు చిన్న పిన్నులతో ఊడొచ్చేవి) విడిగా కేబుల్ తెప్పించుకునేవాళ్లు ఇది చదివాకే ఆర్డర్ పెట్టండి. "8 కోర్, సిల్వర్ ప్లేటెడ్, 0.78 ఎంఎం పిన్ను, అన్ని మోడళ్లకీ సరిపోతుంది" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మే ఊరూ పేరూ లేని కేబుళ్లలో ఒక పక్క కనెక్టర్‌కి ప్లస్, మైనస్ తారుమారుగా, అంటే పోలారిటీ తిరగేసి, సోల్డర్ చేసినవి ఉంటున్నాయి. చూడ్డానికి కేబుల్ బాగానే ఉంటుంది, రెండు చెవుల్లోనూ పాట వస్తుంది. అందుకే ఎవరూ కేబుల్‌ని అనుమానించరు, ఇయర్‌ఫోనే పోయిందనుకుంటారు. అమ్మినవాళ్లని అడిగితే వచ్చే జవాబు మామూలే: "కొత్తది కదా సార్, 50 గంటలు వాడితే సెట్ అవుతుంది." అవదు. తిరగేసి సోల్డర్ చేసిన వైరు ఎన్నాళ్లు వాడినా అలాగే ఉంటుంది.

అలాంటి కేబుల్‌తో ఒక పక్క డయాఫ్రమ్ (కదిలి శబ్దం పుట్టించే పల్చటి పొర) ముందుకొచ్చే క్షణానికి రెండో పక్కది వెనక్కి వెళ్తుంది. దాంతో తల మధ్యలో నిలబడాల్సిన గొంతు చెదిరిపోయి రెండు పక్కలా పరుచుకుంటుంది. బేస్ ఉన్నట్టే ఉంటుంది గానీ దెబ్బలో బరువుండదు. స్పీకర్లలో లాగా ఇక్కడ రెండు శబ్దాలూ గాలిలో కలిసి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు, ఏ చెవికి ఆ చెవి పూర్తి శబ్దమే అందుతుంది. తేడా వచ్చేది మెదడు రెండింటినీ కలుపుకునే చోట. కాబట్టి ఎవరైనా ఫ్రీక్వెన్సీ గ్రాఫ్ చూపించి "రెండు పక్కలా ఒకేలా ఉంది, లోపమేం లేదు" అంటే నమ్మకండి. పోలారిటీ తప్పు ఆ గ్రాఫ్‌లో కనపడదు.

రెండు పక్కలా తిరగబడి ఉంటే దాదాపు ఎవరికీ తేడా తెలియదు, దాని గురించి బుర్ర పాడు చేసుకోనక్కర్లేదు. ఒక పక్కే తిరగబడినా డ్రైవర్లు (ఇయర్‌పీస్‌లోని బుల్లి స్పీకర్లు) కాలిపోవు. వినడం పాడవుతుంది, అంతే.

ఇదే లక్షణాలతో ఇంకో జబ్బు ఉంది, రెండింటినీ కలిపేయకండి. 3.5 ఎంఎం ప్లగ్‌లో రెండు పక్కలకీ కామన్‌గా ఉండే మైనస్ (గ్రౌండ్) తెగినా, మైకున్న ప్లగ్ పొంతన లేని జాక్‌లో పెట్టినా, పూర్తిగా లోపలికి దిగకపోయినా గొంతు మాయమై వెనక సంగీతం మాత్రం మిగులుతుంది. తేల్చుకోవడం తేలిక. ఒక ఇయర్‌పీస్ చెవిలోంచి తీసేసి (కేబుల్ నుంచి కాదు) ఒక్క చెవితో వినండి. అప్పుడూ గొంతు లేకపోతే గ్రౌండ్ సమస్య. విడివిడిగా రెండూ బాగుండి, కలిపి పెట్టుకుంటేనే తేడాగా ఉంటే పోలారిటీ.

ఖాయం చేసుకోవాలంటే మల్టీమీటర్ కావాలి, చవకది చాలు. వైరు కలిస్తే బీప్ కొట్టే కంటిన్యుటీ మోడ్‌లో పెట్టండి. ముందు ఇయర్‌పీసులు రెండూ కేబుల్ నుంచి తీసేయండి. తీయకపోతే డ్రైవర్ల గుండా కూడా సర్క్యూట్ పూర్తవుతుంది. 16, 32 ఓమ్‌ల డ్రైవర్‌కి కూడా చాలా మీటర్లు బీప్ కొడతాయి కాబట్టి ఏ పిన్ను దేనికి వెళ్తోందో తేలదు. మైకు లేని 3.5 ప్లగ్‌లో కొన ఎడమ ప్లస్, మధ్య రింగు కుడి ప్లస్, మొదలు (వైరు దిక్కున ఉన్న భాగం) రెండింటికీ కామన్ మైనస్. ఇప్పటి ఫోన్లకి వాడే మైకు ప్లగ్‌లో కొన ఎడమ, మొదటి రింగు కుడి, రెండో రింగు కామన్, మొదలు మైకు. బ్యాలెన్స్‌డ్ (రెండు పక్కలకీ విడివిడి మైనస్ ఉండే) 4.4 ప్లగ్‌లో కొన నుంచి వరసగా ఎడమ ప్లస్, ఎడమ మైనస్, కుడి ప్లస్, కుడి మైనస్. పాత 2.5 బ్యాలెన్స్‌డ్ వరస వేరు: కుడి మైనస్, కుడి ప్లస్, ఎడమ ప్లస్, ఎడమ మైనస్. యూఎస్‌బీ-సీ కేబుల్‌లో మధ్యన చిప్ ఉంటుంది కాబట్టి ఈ పరీక్ష కుదరదు, చెవితోనే తేల్చుకోవాలి.

ఒక ప్రోబు ప్లగ్ మీద పెట్టి, రెండోది కనెక్టర్ పిన్నులకి తాకించి, ప్లస్ పిన్ను ఏదో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఎక్కువమంది పొరబడేది ఆ తర్వాతే. రెండు కనెక్టర్లనీ పక్కపక్కన ఒకే దిక్కుకి పెట్టి పోల్చకూడదు. ఇయర్‌పీసులు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి. కాబట్టి చెవికి పెట్టుకున్నట్టు పట్టుకుని చూడండి: ఎడమవైపు ముఖం దిక్కున ఉన్న పిన్ను ప్లస్ అయితే, కుడివైపూ ముఖం దిక్కున ఉన్నదే ప్లస్ అవ్వాలి. ఇయర్‌ఫోన్‌తో వచ్చిన అసలు కేబుల్ ఉంటే దాన్నీ కొలిచి కొత్తదానితో పోల్చండి, అంతకంటే నమ్మకమైన దారి లేదు. కనెక్టర్ మీది రంగు చుక్కల్ని నమ్ముకోవద్దు. కొందరు ఎరుపుని కుడి చెవికి గుర్తుగా వాడతారు, కొందరు చుక్కని ప్లస్‌కి పెడతారు.

మీటర్ లేకపోతే ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగుల్లో మోనో ఆడియో (రెండు చెవులకీ ఒకే శబ్దం పంపేది) ఆన్ చేసి, బేస్ బాగా ఉన్న పాట పెట్టండి. మొత్తం పాట నుదుటి వెనక ఒకే చోట గట్టిగా వినిపించాలి. అలా లేకపోతే ఒక్క పక్క కనెక్టర్‌ని తీసి 180 డిగ్రీలు తిప్పి పెట్టి వినండి. ఏది మధ్యకి వస్తే అది సరైనది. చెవి చుట్టూ తిరిగే హుక్ ఉన్న కేబుల్‌ని అలా తిప్పితే హుక్ అటువైపు వంగుతుంది. పరీక్షకి చేతితో పట్టుకుని వింటే చాలు. హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి హుక్‌ని మళ్లీ వంచొచ్చు గానీ, ఆ పని చేశాక రిటర్న్ తీసుకోరు.

క్యూడీసీ కంపెనీ సొంత ఇయర్‌ఫోన్ల పోలారిటీ మామూలు టూ-పిన్‌కి వ్యతిరేకం. అదే పేరు తగిలించి అమ్మే తొడుగు కనెక్టర్లన్నీ ఆ లెక్కనే ఉంటాయని లేదు. ఎడమా కుడీ ఒకేలా ఉన్నాయా లేదా అన్నదే చూసుకోండి.

సైజు సంగతీ మర్చిపోవద్దు. 0.75 సాకెట్‌లో 0.78 పిన్ను బలవంతంగా దిగుతుంది. తర్వాత పాత కేబుల్ పెడితే లూజై కరకరలాడుతుంది. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ వైరు కాకుండా కనెక్టర్ ఒంటిని పట్టుకుని నిటారుగా లాగండి. అటూ ఇటూ ఊపితే పిన్ను వంగుతుంది. ఎంఎంసీఎక్స్ అనే గుండ్రటి కనెక్టర్‌లో మధ్య పిన్ను ప్లస్, చుట్టూ ఉన్నది మైనస్ కాబట్టి తిప్పి పెట్టే తప్పు జరగదు, కానీ ఫ్యాక్టరీలో సోల్డరింగ్ తప్పితే అదీ ఇంతే. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 650 హెడ్‌ఫోన్లకి ఒక పిన్ను లావు, ఒకటి సన్నం, తిరగేసి పెట్టాలన్నా పట్టదు. ఈ బుద్ధి మిగతావాళ్లకి ఎందుకు పుట్టలేదో.

పార్సిల్ వచ్చిన రోజే కొలవండి. రిటర్న్ గడువు వారమే ఉండొచ్చు. "నచ్చలేదు" అని పెడితే తోసిపుచ్చుతారు, "లోపమున్న వస్తువు" అనే రాయండి. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు, 2020 ప్రకారం లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనడానికి వీల్లేదు. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి. వీడియో దగ్గరుంచుకోండి. ప్లగ్‌లో ఏ భాగానికి ఏ పిన్ను బీప్ ఇస్తోందో రెండు పక్కలా ఒకే షాట్‌లో, మధ్యలో కట్ లేకుండా కనిపించాలి.