ఆన్‌లైన్ మాక్ జ్యూరీ: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

అమెరికాలో ఇలాంటి కేసుల్లో తీర్పు చెప్పేది తరచూ జ్యూరీ, అంటే ఎంపిక చేసిన మామూలు పౌరుల బృందం. ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ళ పరిహారం కేసులు నడిపే లాయర్లు, విచారణకు ముందు ఆ జ్యూరీ ఎలా ఆలోచిస్తుందో చూసుకోవడానికి కొనుక్కునే సేవ ఈ ఆన్‌లైన్ మాక్ (ఉత్తుత్తి) జ్యూరీ. కేసు సారాంశం అప్‌లోడ్ చేస్తే, రుసుము తీసుకునే మామూలు జనం చదివి, ఎవరివైపు మొగ్గుతారో కారణాలతో రాసి పంపుతారు.

ఒక్క పని బాగా చేస్తుంది. "ఇదీ డబ్బు కోసం వేసిన దావాయే" అన్న అనుమానం మీ కేసులో ఎక్కడ పుడుతుందో చూపిస్తుంది. ప్రమాదం జరిగిన చాలా రోజులకు ఆసుపత్రికి వెళ్ళడం, డాక్టరు కంటే ముందు లాయరును కలవడం, ఎప్పటినుంచో ఉన్న నడుము నొప్పి: జ్యూరర్ల కన్ను ముందు పడేది ఇలాంటి చోటే.

ఆ అనుమానానికి పాత కేసులే పెట్టుబడి. 1994 నాటి న్యూ మెక్సికో మెక్‌డొనాల్డ్స్ వేడి కాఫీ కేసు, ఒకావిడ కాఫీ ఒలకబోసుకుని లక్షలు కొట్టేసిన కథగా మిగిలింది. అందులో 79 ఏళ్ళ ఆవిడకు ఒళ్ళు కాలి చర్మం అతికించాల్సి వచ్చిందని, మొదట అడిగింది 20,000 డాలర్లేనని, జ్యూరీ శిక్షగా వేసిన 27 లక్షల డాలర్లను జడ్జి 4,80,000కు తగ్గించాడని ఎందరికి తెలుసు? వాషింగ్టన్‌లో డ్రై క్లీనింగ్ షాపులో ప్యాంటు పోయిందని 5.4 కోట్ల డాలర్లు అడిగిన దావా అసలు జ్యూరీ దాకా రానేలేదు. 2007లో జడ్జే కొట్టేసింది.

సారాంశంలో ప్రతివాది వాదనను మీ వాదనంత బలంగా రాయండి. డబ్బు కడుతున్నది ఎవరో ప్యానెల్‌కు (సారాంశం చదివే బృందానికి) తెలిసిందా, ఫలితం చెడినట్టే. విచారణ జరిగే కౌంటీ (మన జిల్లా లాంటిది) మనుషులనే అడగండి. దేశమంతటి నుంచి పోగేసిన ప్యానెల్ చవకే గానీ, మీ జ్యూరీ అందులోంచి రాదు. పేర్లు, ఊళ్ళు మార్చాకే అప్‌లోడ్ చేయాలి.

పరిహారం అంకెను మాత్రం నమ్మొద్దు. పన్నెండు మంది విడివిడిగా రాసిన అంకెల సగటు తీర్పు కాదు. అసలు జ్యూరీ చర్చించుకునే గదిలో ఒకరు "చివరికి మన ఇన్సూరెన్సు ప్రీమియాలే పెరుగుతాయి" అంటే చాలు, మిగతావాళ్ళ అంకెలూ దిగుతాయి. ఆ ఒత్తిడి ఇందులో కనబడదు. పెద్ద మొత్తం కేసైతే మనుషులను ఒకచోట కూర్చోబెట్టే ప్యానెలే తీసుకోవాలి.

వచ్చిన జవాబుల అసలు ఉపయోగం జ్యూరీ ఎంపికలో, అంటే జ్యూరర్లుగా వచ్చినవాళ్ళను ప్రశ్నించి కొందరిని తప్పించే దశలో. "నిష్పక్షపాతంగా ఉంటారా?" అంటే అందరూ ఉంటామనే అంటారు. "దావాలు మితిమీరాయని కొందరంటారు, అన్యాయమైపోయినవాళ్ళకు కోర్టే దిక్కని కొందరంటారు. మీరు ఎటు దగ్గర?" అని అడిగి, వాళ్ళనే మాట్లాడనివ్వండి. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) కోర్టులో సివిల్ కేసైతే ఒక్కో పక్షం కారణం చెప్పకుండా తీసేయగలిగేది మామూలుగా ముగ్గురినే. మిగతావాళ్ళను తప్పించాలంటే ఆ పక్షపాతం వాళ్ళ నోటే రావాలి. ప్రశ్నలు జడ్జే అడిగే కోర్టైతే, మీవి ముందుగానే రాసి ఇవ్వండి.