శుక్రవారం రావాల్సింది మంగళవారం వచ్చింది: మాలా-ఎన్‌తో నా ఏడు నెలలు

చిన్నోడికి మూడేళ్లు నిండాయి. ఇంకో బిడ్డ ఇప్పుడే వద్దనుకుని మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాను. మా పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు. నర్సమ్మ బీపీ చూసి, మైగ్రేన్ ఉందా అని అడిగి, షీటు చేతిలో పెట్టింది. మొత్తం 28 మాత్రలు: హార్మోన్ ఉండే తెల్లవి 21, చివర్లో గోధుమరంగు ఐరన్ మాత్రలు 7. కుట్టుమిషన్ సొరుగులో బాబిన్ల డబ్బా కింద దాచుకుని, రాత్రి గిన్నెలు తోమాక ఒకటి వేసుకుంటాను. ఐరన్ వారంలో కాస్త మలబద్ధకం ఉంటుంది, ఆ వారం జామకాయలు తెప్పించుకుంటా.

నాది బుధవారం మొదలయ్యే షీటు. తెల్లవి మంగళవారంతో అయిపోతాయి. శుక్రవారం, అంటే మూడో ఐరన్ మాత్ర రోజున, బ్లీడింగ్ వచ్చేది. నాలుగు నెలలు ఒక్కరోజు కూడా అటూ ఇటూ కాలేదు. పెళ్లి జాకెట్ల డెలివరీ డేట్లు కూడా దాన్ని చూసుకునే చెప్పేదాన్ని.

ఐదో నెల ఆదివారం వచ్చింది. ఆరో నెల ఏకంగా మంగళవారం రాత్రి, అదీ నాలుగు చుక్కలు. తెల్లారితే కొత్త షీటు మొదలుపెట్టాలి. బ్లీడింగ్ తగ్గేదాకా ఆగాలా? ఒకటే టెన్షన్. వీధి చివర మందుల షాపులో అడిగితే, ఆ అబ్బాయి ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే "డాక్టర్‌ని అడగండి" అన్నాడు.

పొద్దున్నే నర్సమ్మ దగ్గరికి వెళ్లాను.

"మాత్ర ఎప్పుడైనా మర్చిపోయావా? వాంతులేమైనా అయ్యాయా? టీబీ మందులు, ఫిట్స్ మందులు వాడుతున్నావా?"

ఏవీ లేవన్నాను.

"అయితే బ్లీడింగ్ కోసం చూడకు. బుధవారం మాత్ర బుధవారమే."

ఇది మామూలు నెలసరి కాదట. తెల్ల మాత్రలు ఆగగానే ఒంట్లో హార్మోన్ తగ్గి వచ్చేదట. వాడేకొద్దీ గర్భసంచి లోపలి పొర పలచగానే ఉంటుంది కాబట్టి కొందరికి తక్కువగా, ఆలస్యంగా వస్తుంది, ఒక్కో నెల అసలు రాకపోవచ్చు కూడా. ఈ ముక్క మొదటి రోజే చెప్పుంటే నాకు ఒక రాత్రి నిద్ర మిగిలేది.

ఏడో నెల నిజంగానే రాలేదు. ఆశా అక్క ఇచ్చిన నిశ్చయ్ ప్రెగ్నెన్సీ కిట్‌తో, బాత్రూం తలుపేసుకుని, టెస్ట్ చేసుకున్నా. ఒక్క గీతే, అంటే గర్భం లేదు. వరసగా రెండు నెలలు రాకపోతే మళ్లీ రమ్మంది నర్సమ్మ.

మాత్రలు కొనసాగిస్తున్నా. జాకెట్ల డేట్లు మాత్రం ఇప్పుడు దాన్ని నమ్ముకుని చెప్పట్లేదు.