లేహ్‌కు మొదటిసారి: శ్రీనగర్ దారా, మనాలి దారా?

మే నెల వచ్చిందంటే చాలు, బైకు సర్వీసింగ్‌కు ఇచ్చేసి ఫోన్ చేస్తారు. "అన్నా, లేహ్‌కు మనాలి మీదుగా పోదామా, శ్రీనగర్ మీదుగానా?" ఈ ఏడు ఇప్పటికే ముగ్గురు అడిగారు.

లేహ్ ఉన్నది లడఖ్‌లో. ఎటు వెళ్లినా దూరంలో పెద్ద తేడా లేదు. శ్రీనగర్ నుంచి 420 కిలోమీటర్లు. రోహ్తాంగ్ కనుమ కింద అటల్ టన్నెల్ వచ్చాక మనాలి నుంచీ ఇంచుమించు అంతే. ఎటు వెళ్లినా మధ్యలో ఒక రాత్రి ఆగాలి. ఆ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటారన్నది చూసుకోండి, మిగతావన్నీ తర్వాత.

శ్రీనగర్ దారిలో ఆగేది కార్గిల్‌లో, 2,700 మీటర్ల లోపే. అంతకుముందు జోజి లా (3,528), మర్నాడు నమికా లా, ఫోటు లా (4,108). లా అంటే మన కనుమే. ఎక్కుతాం, దిగి పడుకుంటాం, మళ్లీ ఎక్కుతాం. 3,500 మీటర్ల లేహ్ చేరేసరికి ఒళ్లు కాస్త అలవాటు పడుతుంది.

మనాలిలో అయితే 2,050 మీటర్ల దగ్గర పొద్దున టీ తాగి, బారాలాచా లా (దాదాపు 4,890) దాటి, సాయంత్రానికి సర్చూ గుడారాల్లో పడతాం. సర్చూ 4,290 మీటర్లు, లేహ్ కన్నా ఎత్తు! మర్నాడు 5,300 దాటిన తంగ్లంగ్ లా. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రం ఒడ్డున దొరికేదాంట్లో సగమే. అరకు ఎక్కితేనే స్వెట్టర్ తీసే వాళ్లం మనం. అరకు 900 మీటర్లు.

నేను మొదట వెళ్లింది మనాలి మీదుగానే. సర్చూలో తల పగిలిపోయే నొప్పి, తిన్నది కడుపులో నిలవలేదు. మా బావ రాత్రంతా కూర్చునే ఉన్నాడు. ఎత్తులో ఆక్సిజన్ చాలక వచ్చే ఈ జబ్బుకు మందు కిందికి దిగడమే అంటారు. దిగేదెటు? వెనక్కి వెళ్లాలంటే బారాలాచా లా మళ్లీ ఎక్కాలి, ముందుకు వెళ్తే ఇంకా ఎత్తు కనుమలు.

అందం మాత్రం మనాలి దారిదే, అబద్ధమెందుకు. గాటా లూప్స్ 21 మలుపులూ, ఆ తర్వాత వచ్చే మోరే మైదానమూ చూస్తే పడ్డ బాధ మర్చిపోతాం. జోజి లాలో లారీల వెనక బురదలో గంటలు పోతాయి. సోనామార్గ్ ముందు టన్నెల్ 2025 జనవరిలో తెరిచారు గానీ, జోజి లా కింది టన్నెల్ పని ఇంకా నడుస్తోంది. మన ప్రీపెయిడ్ సిమ్ కూడా కశ్మీర్‌లో, లడఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ ఒకటి ఉంచుకోండి.

జాంస్కార్ లోయ గుండా షింకు లా మీదుగా మూడో దారి కూడా ఉంది, మొదటిసారికి వద్దు. విమానంలో వెళ్తే రెండు రోజులు గదిలోనే పడుకోండి.

నన్నడిగితే శ్రీనగర్ మీదుగా వెళ్లి, లేహ్‌లో నాలుగు రోజులుండి, మనాలి మీదుగా దిగి రండి. లేదు, మనాలి నుంచే ఎక్కుతామంటారా? సర్చూకు ముందే వచ్చే 3,200 మీటర్ల జిస్పాలో రెండు రాత్రులు పడుకుని, మూడోరోజు చీకటితోనే లేచి, సర్చూలో ఆగకుండా లేహ్ చేరండి. జిస్పాకు ముందు వచ్చే టాండీ పెట్రోలు బంకులో ట్యాంకు నిండా కొట్టించుకోండి.